నీలం గుడ్డు

అవునమ్మా, నీలమే. పూసిన రంగు కాదు.
గోరుతో గీకి చూడు, పోదు.
దల్కావే సంతలో అందరూ మొదట అడిగేది అదే.
రెండోది: నీలం గుడ్డులో కొవ్వుండదటగా?
శాంతియాగో నుంచి వచ్చి పడవ దిగినవాళ్ళు మరీ అడుగుతారు.
ఉంటుంది. తెల్లదాంట్లో ఎంతో దీంట్లోనూ అంతే.
పెంకు రంగు పెట్టకి పుట్టుకతో వచ్చింది,
మా అమ్మ ముక్కు నాకొచ్చినట్టు.
నా ముక్కు చూసి నా వంట రుచి చెప్పగలవా?

లోపలిది వేరు.
లోపలిది నేను వేసిన మేత.

పోయిన మార్చిలో, ఆకులు రాలే వేళ,
కాస్త్రో నుంచి ఎలిసెయో అని ఒక కుర్రాడొచ్చాడు.
చేతిలో రంగుల విసనకర్ర,
లేత నిమ్మ నుంచి మండే నారింజ దాకా పదిహేను రేకులు.
సొన పక్కన రేకు పెడతాడు, రాసుకుంటాడు, మళ్ళీ పెడతాడు.
కోడిగుడ్డు మీద ఈకలు పీకడమంటే ఇదే కాబోలు అనుకున్నాను.
వాడు నిజంగానే ఏదో పీకాడని తర్వాత తెలిసింది.

మా తోటికోడలు దొమితీలా గుడ్లు పన్నెండో రేకు.
నావి ఏడు.
ఆవిడ మెడ జానెడు సాగింది.
"బంతిపూల పొడి కలుపుతున్నారా?" అన్నాడు వాడు.
ఆవిడ సంచిని కాలితో బల్ల కిందికి తోసింది.
బంతి చెడ్డదేం కాదు, కంటికి మంచిదేనట.
కానీ సొన ఎర్రబడగానే బలమంతా వచ్చి చేరదు.
చెంపలు జ్వరానికీ ఎర్రబడతాయి.

నా ఏడో రేకు గుడ్లను సీసాల్లో పోసి పట్టుకుపోయాడు.
నెలకి కాగితం వచ్చింది.
అయోడిన్ అన్న చోట కింద గీత, రెండుసార్లు.
నాచు, అమ్మా.
సముద్రం ఆటు మీదున్నప్పుడు రాళ్ళ మీంచి కోసి,
పొయ్యి పైన ఆరగట్టి, నలిపి,
గంపెడు తవుడుకి ఒక్క పిడికెడు.
మించితే రెట్ట నీళ్ళవుతుంది, పెట్ట నా వంక అదోలా చూస్తుంది.
మా నాయనమ్మ కొండల అవతలి నుంచి వచ్చిన మనిషి,
మెడలో నిమ్మకాయంత గడ్డ.
ఆ కాగితం చదివి ముందు నా గొంతు తడుముకున్నాను.

అన్నీ గెలిచాననుకోకు.
చేపనూనె మెదడుకి బలమని రేడియోలో విన్నాడు మా అబెలార్దో.
కొలతా గిలతా లేదు, డబ్బా వంచేశాడు.
వారం తిరిగేసరికి సొనల్లో పడవ వాసన.
బడి వంటావిడ కేకుని గిన్నెతో సహా
మా గుమ్మంలో పెట్టి, తలుపు కొట్టకుండా వెళ్ళిపోయింది.
ఇప్పుడు అవిసె గింజ నూరి వేస్తున్నాను,
పిడి విరిగిన ఈ కప్పుతో, కొలిచి.

ఒక సంగతి చెప్పనా, కొన్నా కొనకపోయినా.
పెంకు కట్టేది రాత్రి పూట.
మనం దుప్పటి కప్పుకున్నాక,
రేకుల కప్పు మీద వాన దంచుతుంటే,
పెట్ట చీకట్లో కూర్చుని సున్నం పోస్తుంటుంది.
తిన్నదాంట్లో సున్నం చాలకపోతే ఆగదు.
తన ఎముకలోంచి తీస్తుంది.

ఆ ఏడు నా మణికట్టు విరిగింది.
మూడు నెలలు గుల్లలు దంచలేదు.
పింతా మాత్రం రోజూ పెట్టింది.
పెంకు కొంచెం పలచన, అంతే. చూసీ చూడనట్టున్నాను.
ఒక పొద్దున గూటి మెట్టు దిగింది, మళ్ళీ లేవలేదు.
ఎత్తుకుంటే కాలు ఎండిన కాడలా చేతిలోనే విరిగింది.
మిగతా ఎముకంతా
డజన్ల లెక్కన నేనే అమ్మేశాను, ఇదే బల్ల మీద.

ఆ వారమే నా కట్టు విప్పారు.
డాక్టరు మణికట్టు తిప్పి చూసి, బాగా అతికిందే,
గుడ్లు గట్టిగా తిన్నట్టున్నావు ఎదెల్మీరా, అని నవ్వాడు.

నేను నవ్వలేదు.

అందుకే పొద్దు వాలకముందే లేస్తాను.
రోట్లో గుల్లలు, మరీ మెత్తగా కాదు,
రాత్రంతా కడుపులో కరుగుతూ ఉండేంత ముతకగా.

సరే, ఎన్ని కావాలి? ఆరా, పన్నెండా?
వెలుతురుకి ఎత్తి చూసుకో, పగుళ్ళుంటే తీసేస్తా.
ధర మాత్రం తగ్గించను.